కాపెల్ ఊరూ, ఇరవైనాలుగో నియోజకవర్గమూ

గుంటూరు వాడినో వరంగల్లు వాడినో పట్టుకుని "మీది ఏ నియోజకవర్గమండీ?" అని అడిగితే తడుముకోకుండా చెప్తాడు. పార్లమెంటుకి ఏది, శాసనసభకి ఏది, పోయినసారి ఎవరు నెగ్గారు, ఎన్ని ఓట్ల తేడా, ఎవరి డిపాజిట్టు గల్లంతయింది, నెగ్గినాయనకి ఓడినాయన వరసకి ఏమవుతాడు, ఇవన్నీ మనం అడగకపోయినా చెప్తాడు. అదే మనిషి కాపెల్ వచ్చి పదిహేనేళ్ళు కాపరం చేశాక అదే ప్రశ్న వేసి చూడండి. స్కూలు డిస్ట్రిక్టు పేరు చెప్తాడు. ఇంటి పన్ను సెంట్లతో సహా చెప్తాడు. కాంగ్రెసు నియోజకవర్గం దగ్గరికి వచ్చేసరికి పప్పు వడ్డించుకోవడంలో పడతాడు. మేము ఈ పరీక్ష నాలుగైదు ఇళ్ళల్లో భోజనాల దగ్గర చేసి చూశాం. శాంపిల్ చిన్నదే, కాని ఫలితం ఒక్కటే.

2005 జనవరి నుంచీ మన ఊరి మీద ఉన్న నంబరు 24. అమెరికా ప్రతినిధుల సభకి టెక్సాస్ నుంచి పోయే సభ్యుల్లో ఇరవైనాలుగో నియోజకవర్గపు సభ్యుడు, రెండేళ్ళకోసారి ఎన్నిక. ఈ నంబరు వెనక ఒక కథ ఉంది. ఆ కథలో మనం కూడా ఉన్నాం, మనకి తెలియకుండానే. అందుకే ఈ సంచికలో రామాయణ విషవృక్షం మీద చర్చ కాస్త పక్కకి జరిపి ఈ నాలుగు పేజీలు అడిగి తీసుకున్నాం. పార్టీల మాట మా ఉద్దేశం కాదు. ఏ పార్టీ వారికీ కోపం రానక్కర లేదు, వస్తే ఇద్దరికీ సమానంగా వస్తుంది.

ముందు ఊరి సంగతి. మన గ్రేప్‌వైన్ స్ప్రింగ్స్ పార్కుకి పిల్లల్ని తీసుకుపోతూ ఉంటాం గదా, అక్కడ 1843లో టెక్సాస్ ఇంకా విడి దేశంగా ఉన్న రోజుల్లో దాని అధ్యక్షుడు శామ్ హ్యూస్టన్ డేరాలు వేసుకుని వారాల తరబడి కూర్చున్నాడు. ఇండియన్ తెగల పెద్దలు వస్తారు, సంధి చేసుకుందామని. (ఆ ఇండియన్లు వేరు, మనం వేరు. కొలంబస్ చేసిన పొరపాటు మన రోగులు కొందరు ఇప్పటికీ చేస్తూనే ఉంటారు.) వాళ్ళు అప్పటికి రాలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో బర్డ్స్ ఫోర్ట్ దగ్గర కొన్ని తెగలతో ఒప్పందం కుదిరింది. తర్వాత రైలు వచ్చింది, గిబ్స్ స్టేషన్ అని పేరు వచ్చింది, 1890ల్లో ఆ పేరు పోయి కాపెల్ అయింది. మునిసిపాలిటీగా ఏర్పడింది 1955లో.

1960 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో ఉన్నది 666 మంది. మన ఉగాది సభకి అంతకన్నా ఎక్కువ మంది వస్తారు. 1980లో 3,826. 1990లో 16,881. 2000లో 35,958. 2020లో 42,983. ఒక పసివాడి ఎదుగుదల పట్టిక ఇలా ఉంటే ఏ డాక్టరైనా వెంటనే రక్తపరీక్ష రాస్తాడు. ఇక్కడ కారణం వెతకనక్కర లేదు, దక్షిణాన కనపడుతూనే ఉంది: 1974 జనవరిలో డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం తెరుచుకుంది. పక్కన అర్వింగ్‌లో లాస్ కొలీనాస్ లేచింది, అటు రిచర్డ్‌సన్‌లో టెలిఫోను కంపెనీలు బారులు తీరాయి. ఆ కంపెనీల వెనక మనం వచ్చాం.

కథ 1960లోనే మొదలు పెట్టాలి. అప్పుడు కాపెల్ తక్కిన డల్లాస్ కౌంటీతో పాటు 5వ నియోజకవర్గంలో ఉండేది. కౌంటీ మొత్తానికి ఒక్కడే కాంగ్రెసు సభ్యుడు. జనం 9,51,527. అక్కడికి కొద్ది దూరంలో ఉన్న 4వ నియోజకవర్గం స్పీకర్ శామ్ రేబర్న్ గారిది. ఆయన 1961లో పోయేదాకా దాన్ని ఎవరూ కదిలించలేదు. అందులో జనం 2,16,371. అంటే రేబర్న్ గారి పల్లెల్లో ఒక రైతు వేసే ఓటు బరువు, డల్లాస్‌లో ఒక గుమస్తా వేసే ఓటు బరువుకి నాలుగు రెట్లకి పైమాటే. ఇది టెక్సాస్ ఒక్కదాని జబ్బు కాదు. దేశమంతా ఇంతే. 1964 ఫిబ్రవరిలో జార్జియా నుంచి వచ్చిన వెస్‌బెర్రీ కేసులో సుప్రీంకోర్టు ఇక కుదరదంది: ఒక రాష్ట్రంలోని కాంగ్రెసు నియోజకవర్గాలన్నీ వీలైనంత సమాన జనాభాతో ఉండాలి. అప్పటినుంచీ పదేళ్ళకోసారి జనాభా లెక్కలు కాగానే గీతలన్నీ చెరిపి మళ్ళీ గీయడం తప్పనిసరి అయింది.

మనవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. మన దేశంలో 1976లో రాజ్యాంగ సవరణ చేసి, రాష్ట్రాలకి సీట్ల సంఖ్యని 1971 లెక్కల దగ్గరే కట్టేశారు. 2001లో ఆ కట్టుని 2026 తర్వాత వచ్చే మొదటి జనాభా లెక్కలదాకా పొడిగించారు. రాష్ట్రాలలోపలి హద్దులు మాత్రం 2008లో మారాయి. అలా పుట్టినదే మల్కాజిగిరి. 2019 ఎన్నికలనాటికి ఆ ఒక్క నియోజకవర్గంలోనే 31 లక్షల పైచిలుకు ఓటర్లు, దేశంలోకెల్లా పెద్దది. 2020 లెక్కల ప్రకారం టెక్సాస్‌లో ఒక్కో కాంగ్రెసు నియోజకవర్గానికి వచ్చేది 7,66,987 మంది, పిల్లాపెద్దా అందరూ కలిపి. మల్కాజిగిరి ఓటర్లని తెచ్చి ఇక్కడ పోస్తే నాలుగు నియోజకవర్గాలు నిండి ఇంకా మిగులుతారు.

ఇంకో తేడా ఉంది, అది అసలైనది. అక్కడ హద్దులు గీసేది రిటైరయిన న్యాయమూర్తి అధ్యక్షతన ఒక కమిషన్. నచ్చినా నచ్చకపోయినా దాని మాట మీద కోర్టుకి పోవడానికి చాలావరకు వీలు లేదు. ఇక్కడ టెక్సాస్‌లో గీసేది శాసనసభ్యులే. అంటే ఎవరి చేతిలో అధికారం ఉందో వాళ్ళ చేతిలోనే పెన్సిలు. గీత ఎలా గీస్తే తమ పార్టీకి ఎన్ని సీట్లు వస్తాయో ముందే లెక్క వేసుకుని మరీ గీస్తారు. దీనికి కోర్టులు ఎక్కువగా అడ్డు వచ్చేది రెండే సందర్భాల్లో: జనాభా సమానంగా లేకపోతే, జాతి ప్రాతిపదిక మీద గీస్తే. పార్టీ ప్రాతిపదిక మీద గీయడం తమ పని కాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పేసింది.

1970 లెక్కల తర్వాత టెక్సాస్ సీట్లు 23 నుంచి 24 అయ్యాయి. అలా పుట్టింది మన నంబరు. 1972లో దాని మొదటి ఎన్నిక. నెగ్గినాయన గ్రాండ్ ప్రెయిరీకి చెందిన డేల్ మిల్‌ఫర్డ్, డెమొక్రాటు. అంతకు ముందు డల్లాస్ టెలివిజన్‌లో వాతావరణం చెప్పే మనిషి. ఎండా వానా చెప్పినాయన్ని నమ్మి జనం పార్లమెంటుకి పంపడం మన దగ్గర జరగదు, మన వాతావరణ శాఖ పేరు అలాంటిది. 1974లో సొంత పార్టీలోనే మార్టిన్ ఫ్రాస్ట్ అనే యువ వకీలు ఆయన మీద పోటీ చేసి ఓడాడు. 1978లో మళ్ళీ చేసి నెగ్గాడు. అప్పటినుంచి 2005 జనవరిదాకా, అంటే ఇరవై ఆరేళ్ళు, 24వ నంబరు అంటే ఫ్రాస్ట్. ఆ నియోజకవర్గం డల్లాస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ నడుమ ఉండేది. దాని ఓట్లలో సుమారు నాలుగోవంతు నల్లవాళ్ళవి.

ఫ్రాస్ట్ మామూలు మనిషి కాదు. 1991లో టెక్సాస్ హద్దులు డెమొక్రాట్లకి అనుకూలంగా గీయించడంలో ఆయన హస్తం పెద్దది. రాష్ట్రంలో రిపబ్లికన్ గాలి వీస్తున్నా ఆ పటం పుణ్యమా అని పదేళ్ళపాటు సీట్లలో డెమొక్రాట్లదే పైచేయి అయింది. తమలపాకుతో నువ్వొకటంటే తలుపుచెక్కతో నే రెండంటా అన్న సామెత ఉంది గదా. 2002లో శాసనసభ రిపబ్లికన్ల చేతికి వచ్చింది. పదేళ్ళు ఆగకుండానే, 2003లో, మధ్యలో మళ్ళీ గీయాలన్నారు. వాషింగ్టన్‌లో సభానాయకుడైన టామ్ డిలే స్వయంగా వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు జరిగిన తమాషా మన తెలుగువాళ్ళకి విడమరచి చెప్పనక్కర లేదు. కోరం లేకపోతే సభ నడవదు. అందుకని మే నెలలో యాభై మందికి పైగా డెమొక్రాటు సభ్యులు రాత్రికి రాత్రి బస్సులెక్కి ఓక్లహోమా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే చిన్న ఊరి హోటల్లో దిగారు. టెక్సాస్ పోలీసులు పొరుగు రాష్ట్రంలోకి వచ్చి పట్టుకోలేరు. జూలై ఆఖరులో పదకొండు మంది సెనేటర్లు న్యూ మెక్సికోలో ఆల్బుకర్కీకి పోయి నెలకి పైగా మకాం పెట్టారు. 1984 ఆగస్టులో రామారావుగారి ప్రభుత్వాన్ని పడగొట్టినప్పుడు మన ఎమ్మెల్యేలని కర్ణాటకకి తరలించి కాపలా కాసిన రోజులు మా ఇంట్లో పెద్దవాళ్ళు కథలుకథలుగా చెప్పేవారు. అక్కడ నెల తిరిగేసరికి రామారావుగారు మళ్ళీ గద్దె ఎక్కారు. ఇక్కడ కథ అలా ముగియలేదు. సెనేటర్లలో ఒకాయన, హ్యూస్టన్‌కి చెందిన జాన్ విట్‌మయర్, ఇంటికి తిరిగి వచ్చేశాడు. కోరం కుదిరింది, పటం ఆమోదమైంది. (ఆ విట్‌మయర్‌నే 2023లో హ్యూస్టన్ జనం మేయరుగా ఎన్నుకున్నారు. ఓటర్ల జ్ఞాపకశక్తి గురించి మేము ఇక్కడేమీ అనం.)

ఆ పటంలో పాత 24ని ముక్కలు చేశారు. ఫోర్ట్‌వర్త్ ఆగ్నేయాన ఉన్న నల్లవాళ్ళ పేటల్ని తీసుకుపోయి డెంటన్ కౌంటీ ప్రధానంగా ఉన్న 26కి కలిపారు. ఫ్రాస్ట్ పక్కనున్న 32కి పోయి 2004లో పీట్ సెషన్స్ చేతిలో ఓడిపోయాడు. కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. 2006 జూన్‌లో తీర్పు వచ్చింది. దక్షిణాన 23వ నియోజకవర్గం విషయంలో మాత్రం లాటినో ఓటర్లకి అన్యాయం జరిగిందన్నారు. 24 విషయంలో నల్లవాళ్ళ వాదన నిలవలేదు. పాతికేళ్ళుగా ఫ్రాస్ట్‌కి వాళ్ళు ఓటేస్తున్నారు నిజమే, కాని ప్రైమరీలో ఆయన మీద గట్టి పోటీయే లేకపోయె, అతను వాళ్ళు ఎంచుకున్న మనిషేనని ఎలా రుజువవుతుంది అన్నది కోర్టు తర్కం. చదివినప్పుడు మాకు కొంచెం కష్టం కలిగింది. రోగి ఇరవై ఐదేళ్ళు ఒకే డాక్టరు దగ్గరికి వస్తే, పక్కన ఇంకో డాక్టరు లేడు కాబట్టి ఇతనంటే నమ్మకమని చెప్పలేం అన్నట్టుంది.

ఇక కొత్త 24. నంబరు ఒక్కటే పాతది. ఆసుపత్రిలో మంచం నంబరు అదే, పడుకున్న రోగి వేరు. కారోల్టన్, కాపెల్, గ్రేప్‌వైన్, యూలెస్, బెడ్‌ఫర్డ్, విమానాశ్రయం చుట్టూ ఉన్న మన ఊళ్ళన్నీ ఇందులోకి వచ్చాయి. ఒకప్పటి కారోల్టన్ మేయరు కెన్నీ మార్చంట్, రిపబ్లికన్, 2004లో నెగ్గి ఎనిమిది దఫాలు, పదహారేళ్ళు సభలో ఉన్నాడు. ఆ ఏళ్ళ గురించి రాయడానికి ఎక్కువ లేదు. ఎన్నికలు వచ్చేవి, ఆయన నెగ్గేవాడు. 2012లో అధ్యక్ష పదవికి రామ్నీకి ఇక్కడ నూటికి అరవై ఓట్లు.

పటం మారకుండానే మనుషులు మారుతున్నారు. ఇక్కడే మన కథ కలుస్తుంది.

1990 చట్టంతో హెచ్-1బి వీసా వచ్చింది. 2000 సంవత్సరపు కంప్యూటర్ల గండం పుణ్యమా అని ఆ వీసాల సంఖ్య లక్షా తొంభై అయిదు వేలదాకా పోయింది కొన్నేళ్ళు. హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సు చేసి విమానం ఎక్కినవాళ్ళు అర్వింగ్ అపార్టుమెంట్లలో దిగారు, పిల్లలు బడి ఈడుకి రాగానే మంచి బడుల కోసం కాపెల్ చేరారు. 2020 లెక్కల్లో ఈ ఊళ్ళో నలుగురిలో ఒకరికి మించి ఆసియా వాళ్ళు, అందులో సింహభాగం భారతీయులు. కూరగాయల కొట్లో గోంగూర కట్ట కోసం వరసలో నిలబడ్డవాళ్ళని చూస్తే అందులో తెలుగువాళ్ళెందరో లెక్క కూడా అక్కర లేదు.

ఇప్పుడు వైద్యవిద్యలో మొదటి ఏడాది నేర్పే ఒక చిన్న లెక్క. ఏ రేటు చెప్పాలన్నా లవం ఒకటి, హారం ఒకటి ఉంటాయి. వందమందిలో పదిమందికి జబ్బు అంటే వంద హారం, పది లవం. నియోజకవర్గం గీసేటప్పుడు హారం జనాభా మొత్తం: పౌరులు, కానివాళ్ళు, పాలుతాగే పిల్లలు, జైల్లో వాళ్ళు, అందరూ. ఏప్రిల్ 1 నాటికి ఎవరు మామూలుగా ఏ ఇంట్లో కాపరం ఉంటే వాళ్ళు. ఎన్నికనాడు లవం మాత్రం ఓటు వేసినవాళ్ళే. మన కాపెల్ తెలుగు ఇళ్ళు హారంలో నిండుగా ఉన్నాయి. లవంలో పలచన.

ఈ పద్ధతి న్యాయమేనా అని టెక్సాస్ నుంచే ఒక కేసు పోయింది, ఎవెన్‌వెల్ కేసు. పల్లెల్లో ఉండే ఇద్దరు ఓటర్లు, రాష్ట్ర సెనేటు హద్దుల విషయంలో, ఓటుహక్కు ఉన్నవాళ్ళనే లెక్కపెట్టి గీయండి, పౌరులు కానివాళ్ళు ఎక్కువ ఉన్నచోట్ల తక్కువ ఓట్లకే ఒక సెనేటరు వస్తున్నాడు, మా ఓటు పలచబడుతోంది అన్నారు. 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎనిమిదిమంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంగా, మొత్తం జనాభా మీద గీయవచ్చు అన్నారు. తీర్పు రాసినది రూత్ గిన్స్‌బర్గ్. ఓటు లేనివాళ్ళకి కూడా ప్రతినిధి ఉంటాడు, బడి గురించీ, పన్ను గురించీ, ఆగిపోయిన కాగితాల గురించీ వాళ్ళు కూడా ఆ ప్రతినిధి దగ్గరికే పోతారు అన్నది అందులోని సారం. ఓటున్నవాళ్ళనే లెక్కపెట్టి గీయవచ్చా అన్నది మాత్రం తేల్చకుండా వదిలేశారు. ఆ తలుపు ఓరగా వేసి ఉంది. దాన్ని ఎవరైనా తోస్తే కాపెల్ లాంటి ఊళ్ళ బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది.

ఈ వ్యాసం రాస్తున్న మేము కూడా హారంలోనే ఉన్నాం. ఇక్కడ రెసిడెన్సీ చేసి, డాక్టర్లు దొరకని పల్లెలో ఒప్పందం ప్రకారం మూడేళ్ళు చేసి, ఆ పైన కాపెల్ చేరాం. గ్రీన్‌కార్డు వరసలో మా వంతు ఎప్పుడో చెప్పగలిగినవాడు లేడు. ఏ దేశానికీ నూటికి ఏడుకి మించి ఇవ్వరాదన్న నియమం, మన దేశం నుంచి లక్షల్లో దరఖాస్తులు. అది వచ్చాక ఇంకో అయిదేళ్ళకి పౌరసత్వం. నవంబరు వచ్చిందంటే చొక్కాకి ఓటు వేసిన గుర్తు అంటించుకుని రోగులు వస్తారు. ఒక ముసలాయన ప్రతిసారీ "డాక్టర్, మీరు వేశారా?" అని అడుగుతాడు. "ఇంకా లేదు" అంటాం. ఆయన ఈ సాయంత్రం వేస్తామేమో అనుకుని, పోలింగు ఏడింటికి మూసేస్తారు సుమా అని హెచ్చరించి పోతాడు.

మన ముందువాళ్ళతో పోలిస్తే మాది చిన్న కష్టమే. 1790 చట్టం తెల్లవాళ్ళకే పౌరసత్వం అంది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, హిందూదేశం వాళ్ళు ఆ మాట కిందికి రారని తేల్చింది. సరిగ్గా అంతకు ముందు ఏడాదే, 1922 అక్టోబరులో, మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగారు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, ఫైలేరియా మందు హెట్రజాన్, ఈ మూడింటితో ఎంతమంది అమెరికన్ల ప్రాణాలు నిలబడ్డాయో మాలాంటివాళ్ళకి రోజూ తెలుస్తూనే ఉంటుంది. పౌరసత్వం కోరే హక్కు భారతీయులకి వచ్చింది 1946లో. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో పోయారు, పౌరుడు కాకుండానే. పాతికేళ్ళు హారంలో ఉండి, ఒక్కనాడూ లవంలోకి రాని మనిషి. 1949లో పౌరుడైన దలీప్‌సింగ్ సౌంద్ 1956లో కాలిఫోర్నియా 29వ నియోజకవర్గం నుంచి కాంగ్రెసుకి నెగ్గాడు, ఓటుహక్కు గల సభ్యుడిగా ఆ సభకి ఎన్నికైన తొలి ఆసియా వాడు.

టెక్సాస్‌లో పౌరులై పుట్టినవాళ్ళని కూడా ఆపారు. ఎల్ పాసోలో లారెన్స్ నిక్సన్ అని ఒక నల్లజాతి వైద్యుడు ఉండేవాడు. డెమొక్రాటిక్ ప్రైమరీలో నల్లవాళ్ళు ఓటు వేయరాదని 1923లో టెక్సాస్ చట్టం చేసింది. అప్పట్లో ఆ ప్రైమరీ నెగ్గితే సీటు నెగ్గినట్టే. 1924 జూలైలో డాక్టర్ నిక్సన్, ఓటు పన్ను కట్టిన రసీదు చేత్తో పట్టుకుని పోలింగు దగ్గరికి పోయాడు. అక్కడున్నవాళ్ళు ఆయన్ని ఎరిగినవాళ్ళే. మేము ఓటు వేయనివ్వలేమని మీకు తెలుసు గదా డాక్టరుగారూ అన్నారట. తెలుసు, అయినా నేను ప్రయత్నించాలి అన్నాడట ఆయన. 1927లో కేసు గెలిచాడు. శాసనసభ చట్టం మార్చి మళ్ళీ ఆపింది. 1932లో మళ్ళీ గెలిచాడు. మళ్ళీ ఇంకో దారిలో ఆపారు. చివరికి 1944లో హ్యూస్టన్ దంతవైద్యుడు లానీ స్మిత్ వేసిన కేసుతో ఆ అడ్డు పూర్తిగా తొలగింది, ఆ ఏడాదే డాక్టర్ నిక్సన్ ఓటు వేశాడు. ఇరవై ఏళ్ళు. ఈ రాష్ట్రంలో ఓటు కోసం ఒక డాక్టరూ ఒక పళ్ళ డాక్టరూ ఇంత చేశారని మన డాక్టర్ల సంఘాల విందుల్లో ఎవరూ చెప్పగా వినలేదు. అందుకే కొంచెం విస్తరించి రాశాం.

తిరిగి 24కి. 2016లో అధ్యక్ష ఎన్నికలో ట్రంప్‌కి ఇక్కడ వచ్చిన ఆధిక్యం నూటికి ఆరే. 2018లో మార్చంట్‌కి ఊపిరి సలపలేదు. పెద్దగా డబ్బు లేని జాన్ మక్‌డోవెల్ అనే ఆవిడ మీద మూడు శాతంతో బయటపడ్డాడు. మరుసటి ఆగస్టులో ఇక పోటీ చేయనన్నాడు. 2020లో రిపబ్లికన్ల తరఫున అర్వింగ్ మాజీ మేయరు బెత్ వాన్ డైన్, డెమొక్రాట్ల తరఫున స్కూలు బోర్డు సభ్యురాలు కాండేస్ వలెన్జువేలా. దేశమంతా చూసిన పోటీ అది. వాన్ డైన్‌కి 1,67,910. వలెన్జువేలాకి 1,63,326. తేడా 4,584 ఓట్లు. అదే రోజు అదే జనం అధ్యక్ష పదవికి బైడెన్‌కి అయిదు శాతం ఆధిక్యం ఇచ్చారు. అంటే వేలమంది పైన ఒక పార్టీకీ కింద ఇంకో పార్టీకీ గుర్తు పెట్టి వచ్చారన్నమాట. ఇక్కడి ఓటరు మనం అనుకునే మూస ఓటరు కాడని దీన్నిబట్టి తెలుస్తుంది.

నాలుగువేల అయిదు వందల ఎనభై నాలుగు. ఎవరు గెలవాల్సింది అన్నది మా ప్రశ్న కాదు. ఎటు తిరిగినా మన ఊళ్ళ నుంచి ఓటుహక్కు ఉండి ఇంట్లో కూర్చున్నవాళ్ళతో పోలిస్తే ఈ అంకె ఎంత అన్నదే ప్రశ్న. పౌరసత్వ ప్రమాణం చేసి, ఫొటో దిగి, ఇంటికి వచ్చి అందరికీ మిఠాయి పంచిన ఎందరో నమోదు కాగితం మాత్రం నింపలేదు. టెక్సాస్‌లో అది దానంతటదే జరగదు. ఎన్నికకి ముప్పై రోజుల ముందే కౌంటీకి చేరాలి. డల్లాస్ కౌంటీ నుంచి డెంటన్ కౌంటీకి ఇల్లు మారితే మళ్ళీ చేయించుకోవాలి. మార్చిలో వచ్చే ప్రైమరీ గురించి మనలో సగం మందికి తెలియదు. పార్టీ సభ్యత్వంతో పని లేకుండా ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఎవరైనా వేయవచ్చని ఇంకా తక్కువ మందికి తెలుసు. నవంబరులో ఎవరు నెగ్గుతారో ముందే ఖాయమైన చోట, అసలు ఎన్నిక మార్చిలోనే జరిగిపోతుంది.

ఇప్పుడు 24లో జరిగింది అదే. 2010, 2020 లెక్కల నడుమ టెక్సాస్ జనం నలభై లక్షలు పెరిగారు. పెరిగినవాళ్ళలో నూటికి తొంభై అయిదుమంది తెల్లవాళ్ళు కానివారు. ఆ పెరుగుదలకి రెండు సీట్లు అదనంగా వచ్చాయి, 38 అయ్యాయి. ఆ లెక్కలో మనం ఉన్నాం, మన ఇంటి అమ్మమ్మలు ఆ ఏప్రిల్‌లో ఇక్కడే చిక్కుకుపోయి ఉంటే వాళ్ళ గురించి కూడా ఫారంలో అడిగారు. 2021 అక్టోబరులో కొత్త పటం వచ్చింది. 24ని తూర్పున డల్లాస్ మధ్యనున్న సంపన్నుల పేటలు హైలాండ్ పార్క్, యూనివర్సిటీ పార్కులదాకా లాగారు. అర్వింగ్, కారోల్టన్‌లలో చాలా భాగం బయటికి పోయింది. కాపెల్ మిగిలింది. బైడెన్ గెలిచిన నియోజకవర్గం కాస్తా, పాత ఓట్లని కొత్త గీతల్లో పోసి చూస్తే, ట్రంప్ పన్నెండు శాతంతో గెలిచినదయింది. 2022లో వాన్ డైన్‌కి నూటికి అరవై దరిదాపు. 2024లో సామ్ ఎప్లర్ మీద కూడా అంతే. పోటీ అన్నది పోయింది.

2025లో మళ్ళీ పదేళ్ళు ఆగలేదు. ఆగస్టులో డెమొక్రాటు సభ్యులు ఈసారి ఇల్లినాయ్‌కి పోయారు, మళ్ళీ తిరిగి వచ్చారు, కొత్త పటం మళ్ళీ ఆమోదమైంది. నవంబరులో ఎల్ పాసోలో ముగ్గురు న్యాయమూర్తుల కోర్టు ఆపింది. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆపుదలని పక్కన పెట్టింది. 2003 గురించి పైన రాసినదే పేర్లు మార్చి ఇక్కడ రాసినా సరిపోయేది.

ఈ మధ్యలో ఇంకొకటి కూడా జరిగింది. పక్కనున్న యూలెస్‌కి చెందిన సల్మాన్ భోజానీ, హ్యూస్టన్ దగ్గర షుగర్‌లాండ్ వైద్యుడు సులేమాన్ లాలానీ 2022లో టెక్సాస్ శాసనసభకి ఎన్నికయ్యారు. దక్షిణాసియా వాళ్ళు ఆ సభలో అడుగు పెట్టడం అదే మొదలు. అదే ఏడాది హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైంది.

మన ఇళ్ళల్లో చాలా చోట్ల మొదటి ఓటరు తండ్రి కాడు, తల్లి కాదు. ఇక్కడే పుట్టిన పెద్దపిల్ల. టెక్సాస్ చట్టం ప్రకారం ప్రతి హైస్కూలు ప్రిన్సిపాలు ఏడాదికి రెండుసార్లు, ఈడు వచ్చిన విద్యార్థుల చేతికి ఓటరు నమోదు కాగితం ఇవ్వాలి. పదిహేడేళ్ళ పది నెలలు నిండితే నింపవచ్చు. కాపెల్ హైస్కూలు నుంచి ఆ కాగితం పుస్తకాల సంచీలో నలిగి ఇంటికి వస్తుంది. తల్లిదండ్రులు దాన్ని కాలేజీ దరఖాస్తుల కట్ట కింద పడేస్తారు, ఆ ఏడాది ఇంట్లో ఇంకో మాట ఉండదు గనక. తీసి నింపమనండి. చిరునామా మీదే. నెల తిరిగేలోగా కౌంటీ నుంచి అమ్మాయి పేరు మీద ఒక చిన్న కార్డు వస్తుంది. దాని మీద వరసగా కొన్ని అంకెలు ఉంటాయి: పోలింగు ప్రాంతం, కౌంటీ కమిషనరు, రాష్ట్ర శాసనసభ, రాష్ట్ర సెనేటు, కాంగ్రెసు.